90 రూపాయల చాకు ఖర్చు

మా బావ మాట మీద కొన్న 90 రూపాయల మడత చాకు నా చేత 5,550 రూపాయలు పెట్టించింది. ఈ లెక్క ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. "చెయ్యి జారితే చాకేం చేస్తది?" అంటాడు. ఆ మాటే నాకు మింగుడుపడదు.

హనుమకొండలో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో 1,100 రూపాయల చాకు చూసి పెట్టుకున్నాను. మూడంగుళాల స్టెయిన్‌లెస్ బ్లేడు, తెరవగానే టక్కున పడే లాక్. బావకు చెప్తే, "ఏంది బామ్మర్ది, ఇనుపముక్కకు పదకొండు వందలా? జాతరల తొంభైకి దొరుకుతయ్. ఒకటి పోతే ఇంకోటి" అన్నాడు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయి, అమ్మవార్లకు బంగారం (బెల్లం) సమర్పించి వస్తూ దారి పక్క దుకాణంలో ఇంటిల్లిపాదికీ ఆ చాకులే తీయించాడు. అక్క మొగుడి మాట. నలుగురి ముందు ఎట్లా కాదంటాను?

మిర్చి వేసే మాకు చాకు రోజూ పనే. యూరియా బస్తా కుట్టు విప్పాలి, సుతిలి కోయాలి, మల్చింగ్ షీటు చించాలి, డ్రిప్ పైపు ముక్కలు చేయాలి. ఈ చివరి పనిలోనే చాకు సంగతి బయటపడుతుంది. 16 ఎంఎం లేటరల్ పైపును తిన్నగా కోస్తే జాయినర్ బిగుసుకుంటుంది. మొద్దు చాకు పైపును కోయదు, నలుపుతుంది. అంచు వంకరపోతుంది, జాయినర్ దగ్గర నీళ్లు కారతాయి, సాలు చివరి మొక్కలకు నీళ్లందవు. పదును లేదని మా దగ్గర పనిచేసే పిల్లగాడు మొన గుచ్చి నొక్కాడు. ఆ తొంభై రూపాయల చాకుకు లాక్ లేదు. బ్లేడు వెనక్కి మడుచుకుని చూపుడువేలి మీద పడింది.

కుట్లకు, కట్లకు 1,400. టీటీ ఇంజెక్షన్, మందులు 350. ఆటో 200. అతను పనికి రాలేని ఆరు రోజుల కూలి, రోజుకు 600 చొప్పున 3,600. నా పొలంలో తెగిన వేలు కాబట్టి ఆ కూలి ఇవ్వడం నా బాధ్యత. మొత్తం 5,550. ఆ డబ్బుతో నేను చూసి పెట్టుకున్న చాకులు ఐదు కొన్నా ఇంకా 50 మిగిలేవి.

ప్రమాదం మాట పక్కన పెట్టినా బావ లెక్క నిలవదు. 90 రూపాయల చాకులు ఏడాదికి మూడు పోతాయి: ఒకటి తుప్పు పట్టి, ఒకటి రివెట్ వదులై, ఒకటి మొన విరిగి. అంటే ఏడాదికి 270, ఐదేళ్లకు 1,350. మంచి చాకు 1,100, రెండు ముఖాల సానరాయి 180, కుట్టుమిషన్ నూనె 20. కలిపి 1,300. ఐదేళ్లు నిలిస్తే అప్పటికే 50 రూపాయలు మిగులు. ఆ పైన వాడినంత కాలం ఖర్చు నూనె చుక్కే. చవక చాకుకు సానరాయి ఖర్చు నేను కలపనే లేదు. దానికి పదును నిలవదు కాబట్టి ఎవరూ నూరరు.

ఇక లాక్ సంగతి. ఫ్రాన్స్‌లో సవోయ్ ప్రాంతపు కమ్మరి కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన మడత చాకు కూడా చెక్కపిడితో, రైతులు వాడుకునే సాదా సరుకే. దానికీ 1955లో బ్లేడును కదలకుండా ఆపే రింగు బిగించారు. పల్లె పనికి లాక్ ఎందుకనే వాళ్లు ఇది గమనించాలి.

కొనేటప్పుడు చాకు తెరిచి, బ్లేడు వీపును చెక్క మీద మెల్లగా తట్టండి. పిడి లోపలి పట్టీ బ్లేడు మడమ వెనక గట్టిగా నిలబడాలి; కొంచెం జారినా తిరిగి ఇచ్చేయండి. బ్లేడు అటూ ఇటూ ఊగకూడదు. నల్లరేగడి మట్టి కీలులోకి పోతే లాక్ పూర్తిగా పడదు. పని అయ్యాక కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేయాలి. నూరేటప్పుడు రెండు వైపులా ఇరవై డిగ్రీల వాలు చాలు.

మడత చాకే ఎందుకంటే, కొలిమిలో చేయించిన కత్తి మంచిదే కానీ జేబులో పట్టదు. కట్టర్ బ్లేడు షీటుకు సరిపోతుంది, గట్టి పైపుకు విరుగుతుంది.

పిల్లగాడి వేలు తెగిన తర్వాత హనుమకొండ పోయి 1,100 పెట్టి అదే చాకు తెచ్చుకున్నాను. ఈమధ్య బావ కూడా పైపులు కోయాల్సి వస్తే నా చాకే అడుగుతున్నాడు. ధర అడగడు, నేనూ చెప్పను. పెద్దల మాట మన్నించాలి, కాదనను. కానీ పనిముట్టు విషయంలో దాన్ని పట్టుకుని పనిచేసే చేతిదే చివరి మాట కావాలి. ఆ చేయి తరచుగా కూలివాళ్లది.

ఈ సీజన్‌లో డ్రిప్ పరిచే ముందు మీ పొలంలో పనిచేసేవాళ్ల జేబుల్లో ఉన్న చాకులు అడిగి చూడండి. లాక్ లేనివి పక్కన పెట్టించండి, మంచివి మీ డబ్బుతోనే కొనివ్వండి.