అమ్మ చెప్పులు ఎందుకు వేసుకుందంటే...

మా అమ్మ ఇంట్లో చెప్పులు వేసుకోదు. వేసుకున్నవాళ్ళని కూడా గుమ్మం దాటనివ్వదు. అలాంటిది, వెనక వసారాలో వాషింగ్ మెషీన్ పక్కన ఒక హవాయి చెప్పుల జత, దాని మీద ఒక చెక్క తెడ్డు. వీడియో కాల్‌లో ఎన్నోసార్లు చూశాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

మాది తుమ్మపాల. అనకాపల్లిని ఆనుకునే ఉంటుంది. ఊరి పేరు చెబితే పెద్దవాళ్ళకి వెంటనే చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని బతుకుతున్నాను. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అక్కడ. చేతులతో బట్టలు ఉతకలేకపోతోందని టాప్ లోడ్ మెషీన్ కొనిచ్చాను. కొడుకుగా నా బాధ్యత అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మొదటి ఏడాది బాగానే నడిచింది. తర్వాత మొదలైంది. బట్టలు పిండేటప్పుడు ఠక్కున ఆగిపోతుంది, లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరతాయి, మళ్ళీ మొదటి నుంచి నీళ్ళు పట్టడం మొదలెడుతుంది. “మళ్ళీ ఆగిపోనాదిరా” అని ఫోన్. కంపెనీ మనిషి వచ్చి బోర్డు పోయిందన్నాడు, మార్చాడు. మూడు నెలలకి అదే వరస. ఇంకో బోర్డు. ఈసారి వోల్టేజ్ సమస్య, స్టెబిలైజర్ పెట్టుకోమన్నాడు. పెట్టాం. అయినా ఆగింది.

ఆఫీసులో ఇలాంటి బగ్ వస్తే మేం చేసే మొదటి పని లాగ్ చూడటం. ఎప్పుడొస్తోంది, అప్పుడు ఇంకేం జరుగుతోంది? అమ్మ గోడ మీద క్యాలెండర్‌లో పాల లెక్క రాస్తుంది. అదే గడిలో మెషీన్ ఆగిన రోజు టైము కూడా రాయమన్నాను. నెల తర్వాత ఫోటో పంపింది. అన్నీ పొద్దున్న ఏడుకీ ఎనిమిదికీ మధ్యలోనే. సాయంత్రం వేసిన రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. “పొద్దున్న ఏం చేస్తావమ్మా ఆ టైముకి?” అంటే, “ఏటుందిరా, ట్యాంకుకి మోటారు ఏస్తాను” అంది.

మోటారు, మెషీన్ రెండూ ఒకే ప్లగ్ బాక్సు. దొరికింది అనుకున్నాను. అంత గర్వం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా పడలేదు.

కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర చూసుకుందామని ఊరెళ్ళాను. మా వీధి ఎలక్ట్రీషియన్ మావయ్యని పిలిచాను. ఆయన మెయిన్ ఆపి బాక్సు విప్పాడు. న్యూట్రల్ వైరు బిగించిన స్క్రూ వదులై, చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగిపోయి ఉంది. వదులు జాయింట్‌లో లోడ్ పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది, వేడికి అది ఇంకా వదులవుతుంది. మోటారు, మెషీన్ ఒకేసారి లాగేసరికి వోల్టేజ్ అక్కడే పడిపోతోంది. ఆ కుదుపులకే బోర్డులు పోయాయన్నాడు మావయ్య. రెండిటికీ వేరువేరు లైన్లు లాగాడు. నేను టీ పెట్టించడానికి లేచాను.

అప్పుడు ఆయన అమ్మని అడిగాడు. “అప్పా, ఇక్కడ చెప్పులేటి?”

అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. “తడి చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటోంది. చెప్పులేసుకుని, ఆ తెడ్డుతో బటన్ నొక్కుతాను.”

ఎన్నాళ్ళ నుంచి? టైల్స్ వేసిన దగ్గర్నుంచి. మరి నాకెందుకు చెప్పలేదు? “నువ్వు అంత డబ్బెట్టి కొన్నావు కదరా.”

మావయ్య టెస్టర్ మెషీన్ రేకు మీద పెట్టాడు. వెలిగింది. ఫ్రిజ్ మీద పెట్టాడు. వెలిగింది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, మీ ఇంటికీ పనికొచ్చే సంగతి. వాషింగ్ మెషీన్, కంప్యూటర్ లాంటి వాటిలో కరెంటు గోలని వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. దాని నుంచి చాలా కొద్దిపాటి కరెంటు మెషీన్ రేకులోకి వస్తుంది. మూడో పిన్ను, అంటే ఎర్తు, దాన్ని భూమిలోకి దించేయాలి. ఎర్తు తెగిపోతే రేకు మీద 230లో సగం, దాదాపు 115 వోల్టులు నిలబడతాయి. దానివల్ల వచ్చే కరెంటు మిల్లీఆంప్‌లోపే, జివ్వుమంటుందంతే. అసలు భయం అది కాదు. ఇంట్లో ఎర్తు వైర్లన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. రేపు ఫ్రిజ్‌లో ఫేజ్ వైరు తెగి రేకుకి తగిలిందనుకోండి, ఆ 230 వోల్టులూ వాషింగ్ మెషీన్ మీదకీ వచ్చేస్తాయి. ఎర్తు 5 ఓములతో బాగుంటే 46 ఆంపులు భూమిలోకి పారి, బ్రేకర్ పడిపోతుంది. ఎర్తు లేకపోతే బ్రేకర్‌కి ఏమీ తెలియదు, ముట్టుకున్న మనిషికే తెలుస్తుంది. చార్లెస్ డాల్జీల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ మనుషుల మీదే పరీక్షలు చేసి, పట్టుకున్న తీగని వదలగలిగే హద్దు సగటున మగవాళ్ళకి 16, ఆడవాళ్ళకి పదిన్నర మిల్లీఆంపులు అని తేల్చాడు. 46 ఆంపుల పక్కన అదెంత?

మన దేశంలో ఏటా పదివేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నారు. దండెం మీద తడి బట్టలు ఆరేస్తూ పోయినవాళ్ళ వార్త ఏడాదికోసారైనా చదువుతాం కదా.

“ఎర్తు పైపు ఏదల్లుడూ?” అన్నాడు మావయ్య.

పెరట్లో అరటిచెట్టు పక్కన ఉండేది. ఎండాకాలం నాన్న అక్కడ బకెట్టు నీళ్ళు, గుప్పెడు ఉప్పు పోసేవాడు. చెట్టు లేని చోట నీళ్ళేంటని చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. మట్టి తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుందని ఆయనకి ఎవరు చెప్పారో. నాన్న సంవత్సరీకానికి చుట్టాలొస్తారని పెరడంతా టైల్స్ వేయించాను. తాపీ మేస్త్రి ఫోన్ చేసి, “బాబూ, ఇక్కడో పైపు, తీగ పైకొచ్చి ఉన్నాయి, ఏం చేయమంటారు?” అని అడిగాడు. మీటింగ్‌లో ఉన్నాను. “సమంగా కోసేయండి” అన్నాను.

టైల్స్ మూడు పగలగొట్టించాను. కింద తుప్పుపట్టిన పైపు మొండెం, తెగిన తీగ. కొత్త పైపు దించి, కొత్త తీగ కలిపి, నీళ్ళు పోయడానికి పైన చిన్న గొయ్యి, దాని మీద మూత. బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించాను. లీకేజీ అంత దాటితే సెకనులో మూడో వంతులోపే పడిపోతుంది. దాని మీద టీ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. మీ ఇంట్లో ఉంటే నొక్కి చూడండి. పైపు, వైర్ల పని మాత్రం తెలిసినవాళ్ళ చేతే చేయించండి. నేను టార్చి పట్టుకున్నానంతే.

మావయ్య మళ్ళీ టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. మెషీన్ మీద అరచెయ్యి పెట్టి చూడమన్నాను అమ్మని. ముందు నువ్వు పెట్టు అంది. పెట్టాను.

పోయిన ఆదివారం ఫోన్ చేసి గొయ్యిలో నీళ్ళు పోశావా అని అడిగాను. “పోశాను. టీ బటన్ కూడా నొక్కాను, టప్పున ఆగింది” అంది. చెప్పులు తీసేశావా అంటే, “ఉండనీరా, అలవాటైపోనాది” అంది.