మళ్లీ కాక్‌పిట్‌లోకి

రాత్రి పదకొండు దాటాక అన్నయ్య కంప్యూటర్ నాదయ్యేది. 2003లో, హైదరాబాదులో ఎమ్మే చదువుతున్న రోజులవి. 'ఐఎల్-2 స్టర్మోవిక్' కోసం అన్నయ్య జాయ్‌స్టిక్ కొనుక్కున్నాడు. 2001లో వచ్చిన ఆ ఆటలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు నడపాలి. ఆట అంటాం గానీ అది సిమ్యులేటర్. గాలి, బరువు, వేగం అన్నీ లెక్కలోకొస్తాయి. అన్నయ్య నిద్రపోయాక స్పీకర్లు తగ్గించుకుని ఎగిరేదాన్ని. పైలట్ పేరు దగ్గర అన్నయ్య పేరే ఉండేది. మార్చుకోవాలని నాకెప్పుడూ తోచలేదు. ఎన్ని విమానాలు కూల్చినా అన్నీ అన్నయ్య ఖాతాలోకే. పొద్దున్నే చూసుకుని, "నేనింత బాగా ఆడానా?" అనుకునేవాడు కాబోలు!

ఆ తర్వాత పెళ్లి, ఉద్యోగం, పాప. ఆట మానేశానని కూడా అనిపించలేదు. మానేయాలంటే ముందు అది మనదై ఉండాలి కదా.

పోయినేడాది మా అమ్మాయి చదువు కోసం బెంగుళూరు వెళ్తూ తన కంప్యూటర్ నాకొదిలి వెళ్లింది. ఆ పాత ఆటకి కొత్త తరం 2014లో స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంతో మొదలైందని అప్పుడే తెలిసింది. నలభై నాలుగేళ్ల వయసులో, నా జీతం డబ్బుతో జాయ్‌స్టిక్ కొనుక్కున్నాను. ఇంట్లో నవ్వారు. నవ్వనిచ్చాను.

తెలిసిన విద్యే కదా అని ధీమాగా కూర్చున్నాను. మొదటిరోజు యాక్-1 విమానం నేల వదిలితే ఒట్టు! థ్రాటిల్ ఒక్కసారిగా ముందుకి తోసేసరికి ముక్కు పక్కకి లాగేసింది, రెక్క నేలకి కొట్టుకుంది. తోకకింద చిన్నచక్రం ఉన్న విమానాలన్నీ అంతే. ఇంజన్ బలాన్ని మెల్లిగా పెంచాలి, చుక్కానితో అవతలి పక్కకి సర్దుతూ ఉండాలి. ఎగిరాక ఇంకో కష్టం. జాయ్‌స్టిక్ వెనక్కి లాగినకొద్దీ పైకి పోతామని నా చేతుల పాత నమ్మకం. వేగం చాలనప్పుడు అలా లాగితే రెక్కలకింద గాలి ఆసరా తప్పిపోతుంది, విమానం గిర్రున తిరుగుతూ రాలిపోతుంది. బయటపడాలంటే భయంతో ఇంకా లాగకుండా ముందుకి వదలాలి, తిరిగే దిక్కుకి ఎదురుగా చుక్కాని తిప్పాలి. వదలడం నేర్చుకోవడానికి నాకు పదిరోజులు పట్టింది.

"అమ్మా, మీటలన్నీ ఒకేసారి పెట్టుకోకు. పదికి మించొద్దు. ఒక్క విమానమే పట్టుకో. ముందు శత్రువులెవరూ లేని ఆకాశం పెట్టుకో" అంది మా అమ్మాయి ఫోన్‌లో. శత్రువులెవరూ లేని ఆకాశం! పాతికేళ్ల క్రితం ఆ మాట ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని. ఇప్పుడు అదే కావాలనిపించింది. మూడు వారాలు ఒక్క గుండు పేల్చలేదు. లేవడం, ఒక చుట్టు తిరగడం, దిగడం.

ఆ తర్వాత యు-2 విడిగా కొనుక్కున్నాను. దానికో కారణం ఉంది. నేను చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. 1941 అక్టోబరులో సోవియట్ ప్రభుత్వం, మరీనా రస్కోవా పట్టుబట్టడంతో, స్త్రీల వైమానిక దళాలు మూడు ఏర్పాటు చేసింది. అందులో 588వ దళం రాత్రిళ్లు బాంబులు వేసేది. పైలట్లే కాదు, ఇంజన్లు బాగుచేసేవాళ్లూ, బాంబులెత్తేవాళ్లూ స్త్రీలే. వాళ్లకిచ్చినవి 1920లలో శిక్షణ కోసం తయారైన, చెక్కతో గుడ్డతో చేసిన, పైకప్పు లేని యు-2లు. వేగం గంటకి నూట యాభై కిలోమీటర్లు. చాలాకాలం పారాచ్యూట్లు కూడా లేవు. లక్ష్యం దగ్గరకొచ్చేసరికి ఇంజన్ తగ్గించి, చప్పుడు లేకుండా జారుతూ వచ్చేవాళ్లు. జర్మన్లు వాళ్లని 'రాత్రి మంత్రగత్తెలు' అన్నారు. మగవాళ్ల భాషలో భయానికి ఎప్పుడూ అదే పేరు.

ఒక రాత్రి నేనూ ఇంజన్ తగ్గించాను. తీగల మీద గాలి ఈల తప్ప ఇంకే చప్పుడూ లేదు. కింద చిన్న చిన్న దీపాలు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. బాంబు మీట మీద వేలుంది. ఆ దీపాల దగ్గర ఎవరున్నారు? తెర మీద ఎవరూ లేరని తెలుసు. అయినా వేలు కదల్లేదు. "యుద్ధం వద్దని వ్యాసాలు రాస్తావు, రాత్రయితే బాంబర్ ఎక్కుతావా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. దబాయించలేకపోయాను. యంత్రం మీద ఇష్టం వేరు, యుద్ధం మీద ఇష్టం వేరు అనడం సులువే. కానీ ఆ యంత్రాన్ని చేసింది దేనికి? ఆ స్త్రీలకి ఎదురుగా దురాక్రమణ ఉంది, నాకున్నది తీరిక. ఈ తేడా మర్చిపోయిన రోజు ఆట ఆపేయాలని మాత్రం అనుకున్నాను.

1945 అక్టోబరులో ఆ దళాన్ని రద్దు చేశారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన స్త్రీలు తమ పతకాలు దాచుకుని ఎలా మౌనంగా బతికారో స్వెత్లానా అలెక్సీయెవిచ్ 1985లో వచ్చిన పుస్తకంలో నమోదు చేసింది. వెళ్లడం కన్నా తిరిగిరావడమే వాళ్లకి కష్టమైంది. 2016 జూన్‌లో మన హైదరాబాదు పక్కనే దుండిగల్‌లో ముగ్గురమ్మాయిలు మనదేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చినప్పుడు సంతోషించాను. సంతోషంతోపాటే ఆ పాత ప్రశ్న కూడా లేచింది. తుపాకీ పట్టే హక్కు సమానత్వమేనా? ఇప్పటికీ నా దగ్గర రెండు జవాబులున్నాయి. రెండూ నిజమే అనిపిస్తుంది.

కొత్త ఆటలోనూ పైలట్ పేరు అడిగింది. నా పేరు రాసుకున్నాను, ఇంటిపేరు లేకుండా.

మొన్న రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసింది. "ఎన్ని కూల్చావమ్మా?"

"ఒక్కటీ లేదే. చీకట్లో దిగాను. చక్రాలు విరగలేదు."