బండి ఎటు లాగితే తప్పు అటే ఉందా?

"బండి ఎడమకి లాగుతోందిరా" అని నాన్న ఫోన్లో మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ "వచ్చినప్పుడు చూద్దాం నాన్నా" అన్నాను. మనసులో అనుకున్నది మాత్రం వేరు. డెబ్భై నాలుగేళ్లొచ్చాయి, లాగుతున్నది బండి కాదు, ఈయన చేతులే తడబడుతున్నాయి అని.

నాలుగో ఫోను అమ్మ చేసింది. తెనాలి బజార్లో బ్రేకు కొట్టగానే కారు ఎడమకి తిరిగి అరటిపళ్ల తోపుడుబండికి తగిలిందట. దేవుడి దయవల్ల ఎవరికీ ఏం కాలేదు, రెండు గెలలు నలిగాయి. శనివారం హైదరాబాదు నుంచి వెళ్లగానే నేను చేసిన మొదటి పని, తాళాలు జేబులో వేసుకోవడం. "ఇంక చాలు నాన్నా, డ్రైవర్ని పెట్టుకుందాం" అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మాది 1978 అంబాసిడర్. ఆ బండి తయారీయే 2014లో ఆగిపోయింది. మా దానికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము, దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిలు వీల్ సిలిండర్లలోని పిస్టన్లని తోస్తుంది, షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. ఇందులో చిత్రమేమిటంటే, తిరిగే డ్రమ్ము లీడింగ్ షూని తనవైపు ఇంకా గట్టిగా లాక్కుంటుంది. అందుకే రెండు చక్రాల మధ్య చిన్న తేడా ఉన్నా స్టీరింగ్ దగ్గరకొచ్చేసరికి అది పెద్దదవుతుంది.

ఖాళీ రోడ్డు మీద ముప్ఫై స్పీడులో నేనే నడిపి బ్రేకు తొక్కాను. ఎడమకి లాగింది. అంటే నాన్న చేతులది తప్పు కాదన్నమాట. తాళాలు మాత్రం ఇంకా నా జేబులోనే ఉన్నాయి.

ఎడమకి లాగుతోంది కాబట్టి తప్పు ఎడమ చక్రంలోనే అనుకున్నాను. జాకీ పెట్టి డ్రమ్ము ఊడదీశాను. లోపల అంతా పొడిగా, శుభ్రంగా ఉంది. అయినా వదల్లేదు. లైనింగుకి గరుకు కాగితం పట్టి, షూలని డ్రమ్ముకి ఇంకాస్త దగ్గరగా బిగించాను. నడిపితే ఇంకా ఎక్కువ లాగింది! పన్నెండేళ్ల నుంచి బగ్గులు వెతికే ఉద్యోగం చేస్తున్న మనిషిని మరి :)

ఆదివారం వీధి చివరి షెడ్డు మేస్త్రీని పిలిచాను. ఆయన ఎడమ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "అది దాని పని అది చేస్తోంది బాబూ. చెయ్యనిది కుడిది. రెండు ఎద్దుల్లో ఒకటి ఆగి ఒకటి ఆగకపోతే బండి ఎటు తిరుగుతుంది?" అన్నారు. కాసేపు నడిపించి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడమన్నారు. ఎడమది సెగ కొడుతోంది, కుడిది చల్లగా ఉంది. "చల్లగా ఉన్నదే దొంగ. బ్రేకు తొక్కకుండా నడిపినా ఒకటి కాలిపోతుంటే అప్పుడు లెక్క వేరు, అది పట్టేసి వదలట్లేదని."

కుడి డ్రమ్ము తీస్తే విషయం తెలిసింది. వీల్ సిలిండర్ కారి లైనింగంతా ఆయిల్లో నానింది. ఒక పిస్టను తుప్పుతో బిగుసుకుపోయింది. బ్రేక్ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. నెలకి రెండుసార్లు బయటికి తీసే బండికి ఇది మామూలే. నానిన లైనింగు కడిగినా పనికిరాదు. ముందు రెండు చక్రాలకీ ఒకే రకం కొత్త షూలు, కొత్త సిలిండర్లు వేశాం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము ఊదకుండా తడిగుడ్డతో తుడిచాం. పాత ఆయిలంతా మార్చి, మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరమైన వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీశాం. పెడల్ నేను తొక్కాను, నిపుల్ మేస్త్రీ తిప్పారు. పైన ఆయిలు అయిపోకుండా పోస్తూ నిలబడింది నాన్న.

ఆఫీసులోనూ చాలాసార్లు ఇదే చేశాను. ఎర్రర్ ఏ మాడ్యూల్లో కనపడితే ఆ మాడ్యూల్ రాసినవాణ్ణే పట్టుకోవడం. తీరా చూస్తే, పక్కది పని మానేసిందని చెప్పిన పాపానికే వాడు దొరికిపోయేవాడు. ఈసారి మాత్రం నేను మొదట పట్టుకున్నది మూడుసార్లు సరిగ్గా చెప్పిన మనిషిని.

తాళాలు తీసి నాన్న చేతిలో పెట్టాను. "సారీ" అనాలనుకున్నాను, నోరు రాలేదు. పక్క సీట్లో కూర్చున్నాను. అదే ఖాళీ రోడ్డు మీద ఆయన బ్రేకు తొక్కారు. బండి గీత గీసినట్టు ఆగింది.

"పద, బజారుకి వెళ్దాం. ఆ అరటిపళ్లాయనకి డబ్బులివ్వాలి" అన్నారు నాన్న.

పర్సు నేనే తీశాను.