వెనక సీటు



ఈ వారం ఒక ఒప్పుకోలుతో మొదలుపెడుతున్నాను. అది బండి ఏసీ గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మన ఉద్దానం పల్లెల్లో డయాలిసిస్ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మే మొదటి వారంలో మన సంఘంలోని ఒక పెద్దమ్మను ఫిస్టులా ఆపరేషన్ కోసం విశాఖపట్నం తీసుకువెళ్లాం. అప్పటిదాకా ఆమెకు మెడ దగ్గర పెట్టిన గొట్టంతోనే డయాలిసిస్ జరుగుతోంది. బండి ఏడు సీట్లది. ముందు ఒక ఏసీ, వెనకవాళ్లకు పైకప్పులో ఇంకొక ఏసీ. నేను డ్రైవరు తమ్ముడి పక్కన కూర్చున్నాను. పెద్దమ్మ, ఆమె కొడుకు నడిమి సీటులో. ఆమె కోడలు, నా భార్య ఆఖరి సీటులో.

నరసన్నపేట దాటేసరికి నాకు చలేసింది. "కొంచెం తగ్గించు తమ్ముడూ" అన్నాను. అతను తగ్గించాడు. వెనక్కి తిరక్కుండానే "అమ్మా, బాగుందా?" అని అడిగాను. "బాగుంది అయ్యగారూ" అంది.

రణస్థలంలో టీకి ఆపి వెనక తలుపు తీశాను. లోపలి నుంచి వేడిగాలి మొహానికి కొట్టింది. పెద్దమ్మ చీర వీపుకు అంటుకుపోయి ఉంది. ఒడిలో నీళ్ల సీసా, మూత పెట్టే ఉంది. డయాలిసిస్ మీద ఉన్నవారు నీళ్లు కొలుచుకుని తాగాలి కదా. దాహాన్ని అణచుకుని, ఆ వేడిలో రెండు గంటలు కూర్చుంది. ముందు సీటులో నేను చలికి చేతులు కట్టుకున్నాను. "చెప్పొచ్చు కదమ్మా" అంటే, "మీకు చలేస్తోందని విన్నాను అయ్యగారూ" అంది.

తిరిగి వచ్చాక కాశీబుగ్గలో ఏసీ మిస్త్రీ దగ్గరకు బండి తీసుకువెళ్లాను. "వెనక చల్లగా రావట్లేదు, గ్యాస్ కొట్టండి" అన్నాను. ఆయన గ్యాస్ డబ్బా ముట్టుకోలేదు. "ముందు మీరు వెనక కూర్చోండి" అన్నాడు. అద్దాలు మూయించి, ఇంజను కాసేపు నడిపి, గాలి వచ్చే రంధ్రాల దగ్గర థర్మామీటరు పెట్టాడు. ముందు 9 డిగ్రీలు, వెనక 23.

తర్వాత చెయ్యి పెట్టి గాలి ఎంత జోరుగా వస్తోందో చూశాడు. గాలి తక్కువైతే వెనక ఫ్యాను బలహీనపడిందనో, కూలింగ్ కాయిల్‌కు దుమ్ము పట్టిందనో అనుమానించాలట. మా బండిలో గాలి జోరుగానే ఉంది, చల్లదనమే లేదు. అంటే లోపం గాలిలో కాదు, గ్యాస్ దారిలో ఉంది.

ఆ దారి ఎలా ఉంటుందో ఆయన చెప్పాడు. కంప్రెసర్ ఒక్కటే. అది తోసే గ్యాస్ రెండు పాయలవుతుంది. ఒకటి ముందు కాయిల్‌కు, ఇంకొకటి బండి అడుగున పొడవాటి పైపుల్లో వెనక కాయిల్‌కు వెళుతుంది. ఒక్కొక్క కాయిల్‌కు ఒక్కొక్క వాల్వు. గ్యాస్ సరిపడా ఉండి వెనక మాత్రమే చల్లబడకపోతే వెనక వాల్వు మూసుకుపోయి ఉండవచ్చు. కానీ గేజీలు తగిలిస్తే రెండు సూదులూ ఉండవలసినదాని కంటే కిందనే ఉన్నాయి. గ్యాస్ తక్కువగా ఉంది. ఉన్న గ్యాస్‌తో ముందు కాయిల్ తన అవసరం తీర్చుకుంటోంది. కొరతంతా వెనక తేలుతోంది.

"అయితే గ్యాస్ నింపితే సరిపోతుంది కదా" అన్నాను. పోయిన ఏడాది వేరే చోట అదే చేయించాం, కొన్నాళ్లు బాగానే ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు అయ్యగారూ. తగ్గిందంటే ఎక్కడో పోతున్నట్టే." బండిని పైకెత్తి చూస్తే, వెనక చక్రం దగ్గర పైపు మీద నూనె మరక, దాని మీద మట్టి పేరుకుని ఉంది. పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి అక్కడ సబ్బునీళ్లు రాస్తే సన్నగా బుడగలు వచ్చాయి. రాళ్లు తగిలి, ఉప్పుగాలికి తినేసిన చోటు అది. పైపు మార్చి, వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, బానెట్ కింద రాసి ఉన్న తూకం ప్రకారం గ్యాస్ ఎక్కించాడు. ముందు 9, వెనక 11.

చివరగా ఇంకొక మాట అడిగాను. "ఆ రోజు నేను ముందు తగ్గించమన్నాను. వెనక దానికి దాంతో సంబంధం ఉందా?" "ఎందుకు లేదు? ముందు చల్లబడింది చాలనుకుని కంప్రెసర్ ఆగితే, వెనకకు కూడా ఆగినట్టే" అన్నాడు. ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీసి చదువుకున్నాను. యెరూషలేము సంఘం పెరుగుతున్న రోజులవి. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదని సణుగు పుట్టింది. అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. అందరినీ పిలిచి, ఆ పనికి ఏడుగురిని ఏర్పరచమన్నారు. కొరత ఉన్నచోటనే మనుషులను నిలబెట్టారు. మన పెద్దమ్మయితే సణగను కూడా లేదు. అడిగితే బాగుందనే చెప్పింది. నేను అడిగిన తీరు అలాంటిది మరి.

మన మందిరంలో ఫ్యాను కింద, మైకు ముందు నిలబడేది నేనే. సంఘం చల్లగా ఉందని నాకు అనిపిస్తుంది. గుమ్మం దగ్గర చాప మీద కూర్చునేవారికి ఎలా ఉందో నాకు తెలియదు. ఎవరైనా రావడం మానేస్తే ఒకసారి ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసి, పండ్లు ఇచ్చి వస్తాను. కొన్నాళ్లు వస్తారు, మళ్లీ మానేస్తారు. ఎక్కడ కారుతోందో వెతకకుండా గ్యాస్ నింపడం కాక అది మరేమిటి?

అందుకే ఈ నెల నుంచి బుధవారం ప్రార్థనలో గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంటున్నాను. అక్కడికి పాట సగమే వినబడుతుందని మొదటి రోజే తెలిసింది. మీకు అందనిది ఏదైనా ఉంటే నాతో చెప్పండి. నాతో చెప్పడానికి మొహమాటమైతే అమ్మగారితో చెప్పండి.

పోయిన వారం పెద్దమ్మను చెకప్‌కు మళ్లీ తీసుకువెళ్లాం. ఈసారి ఆఖరి సీటులో నేను కూర్చున్నాను. టెక్కలి దాటాక ఆమె వెనక్కి తిరిగి, "చలేస్తోంది అయ్యగారూ, కొంచెం తగ్గించమనండి" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ప్రార్థన: ప్రభువా, నాకు చాలినది అందరికీ చాలిందని అనుకున్నందుకు నన్ను క్షమించు. వెనక ఉన్నవారి దగ్గర కూర్చునే మనసు మాకు దయచేయుము. ఆ తల్లి చేతిని స్వస్థపరచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.