పుదుపేటకు పోయి వచ్చిన వైనం

బెంజికారు కొనడం కష్టమని లోకంలో ఒక అపోహ వుంది. కొనడంలో ఏమీ లేదండీ. బాగా పాతబడిందయితే కొత్తగా కొనే చిన్నకారు కంటె తక్కువకే దొరుకుతుంది. ఆ తరవాత దానికొక సామాను కావలసి వచ్చిన రోజున వుంటుంది తమాషా. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టాడని సామెత. ఈ కారు సంగతీ అంతే. ముందు మూతిమీద ఒక్క చుక్కే వుంటుంది. మిగతా చుక్కలన్నీ సామాను కొనేటప్పుడు కనిపిస్తాయి.

మా బావగారు ఆ సంగతి తెలిసే కొన్నారు. 2011లో బెంగుళూరు వెళ్లి, రెండు లక్షల పాతికవేలిచ్చి, 1996 నాటి ఇ-220 బండిని తానే తోలుకుంటూ నెల్లూరు తెచ్చారు. జర్మనీలో 1984లో వెలువడిన ఈ రకాన్ని మోటారు మేస్త్రీలు 'నూట యిరవై నాలుగు' అంటారు. పుణేలో టెల్కోవారితో కలిసి 1995లో దీన్ని మన దేశంలోనే బిగించడం మొదలుపెట్టారు. అంతకుముందు ఈ చుక్క మనకు లారీల మీదే పరిచయం. 1954లో టాటావారు బెంజివారితో ఒప్పందం చేసుకున్నప్పటినుంచి చాలా ఏళ్లపాటు మన రోడ్లమీద లారీ అంటే చుక్కలారీయే. బావగారి తండ్రి అటువంటి లారీకి డ్రైవరు. ఆ చుక్క వున్న కారులో కూర్చోవాలని ఆయన కొడుక్కి ఎందుకు అనిపించిందో నేను వేరే చెప్పక్కరలేదు.

బావగారు పోయి మూడేళ్లయింది. కారు మాత్రం వుంది. ఏటా ఒకసారి అక్కయ్యను పెంచలకోనకు తీసుకుపోవడం దానికి మిగిలిన వుద్యోగం. మా మేనల్లుడు హైదరాబాదునుంచి వచ్చి తోలతాడు. కిందటి ఏడు ముందుగా నాయుడుపేటలో చుట్టాలను చూసి రావలసి వచ్చింది. జాతీయ రహదారిమీద పోతూంటే చక్రం రెండంగుళాలు తిప్పినా బండికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ పైన ఒక్కసారిగా తిరిగింది. పక్కన లారీ. వాడు హారను మోగించి తప్పుకున్నాడు కాబట్టి ఈ కథ నేను రాస్తున్నాను. వెనకసీటులో కూర్చున్న అక్కయ్య ఒక్కమాట అనలేదు. ఇంటికి వచ్చి, తాళాలు బీరువాలో పెట్టేసింది.

తరవాత నడిచింది ఖర్చుల పర్వం. ఊళ్లో ఒక షెడ్డువారు స్టీరింగు బాక్సు మీదుండే మర బిగించి, ఆట పోయిందన్నారు. నిజమే, ఆట పోయింది. దాంతోపాటు తిరగడమూ పోయింది. మలుపు తిప్పితే చక్రం తనంత తాను వెనక్కి రాదు, మొండికేసిన ఎద్దులా అక్కడే నిలబడుతుంది. పెద్ద షోరూములో అడిగితే బాక్సు, కడ్డీలు, గొట్టాలు, కూలీ కలిపి రెండు లక్షల నలభైవేలకు ఒక కాగితం ఇచ్చారు. అనగా కారు కొన్న ధరకంటె పదిహేనువేలు ఎక్కువ! చివరకు మా వీధిచివర సాయిబు మేస్త్రీ ఆ మరను యథాస్థానానికి తెచ్చి, నూనె కారుతున్న గొట్టాన్ని విప్పి, పాత పేపరులో చుట్టి మాకిచ్చాడు.

"చెన్నపట్నం పోండి సార్. పుదుపేటలో దొరక్కపోతే ఇక యాడా దొరకదు" అన్నాడు.

ఆ పట్నం కాగితాల మీద 1996లో చెన్నై అయింది గాని, మా నెల్లూరువాళ్ల నోటికి ఇప్పటికీ చెన్నపట్నమే. తెల్లవారుజాము రైలెక్కి, గూడూరు, సూళ్లూరుపేట దాటుకుంటూ సెంట్రలులో దిగి, ఆటో ఎక్కాం. పుదుపేట అక్కడికి ఎంతో దూరం కాదు. ఎగ్మూరు స్టేషనుకయితే కూతవేటు. కూవం నది ఒడ్డున వుంది. నది అంటే నీళ్లు వూహించుకోకండి, ముక్కు చెప్పినదాన్ని నమ్మండి. ఒకప్పుడు ఇదంతా కోమలేశ్వరన్‌పేట. ధర్మదాత పచ్చయప్ప మొదలియారు కాపురమున్నది ఇక్కడే. అవతలి ఒడ్డున చింతాద్రిపేటను కుంపిణీవారు 1734లో నేతపనివారికోసం కట్టించారు. సుంకురామసెట్టి అనే మన తెలుగు వర్తకుడి తోట అది. చిన్న తరి, అనగా చిన్న మగ్గం, పేరుమీద చిన్నతరిపేట అయి, పలకగా పలకగా చింతాద్రిపేట అయిందంటారు. ఆ ఒడ్డున మగ్గాలు పోయాయి. ఈ ఒడ్డున మోటార్లు వచ్చాయి.

ఆ వీధులను వర్ణించాలంటే మొదట తల పైకెత్తి చూడాలి. దుకాణాల చూరులనుంచి బంపర్లు గుమ్మడికాయల్లా వేలాడుతూంటాయి. స్టీరింగు చక్రాలను గారెల దండలాగా గుచ్చి కట్టారు. ఒక దుకాణంలో అన్నీ తలుపులే, ఇంకొక దాంట్లో అన్నీ దీపాలే. వందల కళ్లు గుడ్లప్పగించి మిమ్మల్నే చూస్తూంటాయి. నేలంతా నూనె తాగి నల్లబడింది. ఆ మధ్యనే ఒక ముసలమ్మ ఇడ్లీలు అమ్ముతోంది, కొనుక్కునేవాళ్లు గేరుబాక్సు మీద కూర్చుని తింటున్నారు. పుదుపేటలో కారు నిలిపి కాఫీ తాగి వచ్చేసరికి ఆ కారు పది దుకాణాల్లో వుంటుందని పట్నంలో ఒక పరిహాసం. పరిహాసమే ననుకోండి. అయినా మేము రైల్లో వచ్చినందుకు లోలోపల సంతోషించాను.

సందు మొదట్లోనే దళారులు పట్టుకున్నారు. "ఎన్న వేణుం సార్?" అని ఒకడు, "ఏం కావాల?" అని ఇంకొకడు. మా ముఖాలు చూసి భాష గుర్తుపట్టడంలో వాళ్లకు దివ్యదృష్టి వుంది. నూట యిరవై నాలుగు స్టీరింగు బాక్సు అనగానే ముగ్గురు మూడు దిక్కులకు పరుగెత్తారు. పావుగంటలో నల్లటి ఇనపముద్ద ఒకటి మా కాళ్ల ముందు పడింది. ధర ముప్ఫయి అయిదువేలు. మేము మాట్లాడకుండా నిలబడ్డాం. అది ఇరవై రెండువేలకు దిగింది. మౌనానికి ఇంత విలువ వుందని నాకు అంతకుముందు తెలియదు.

మేనల్లుడు డబ్బు తీయబోయి ఆగాడు. ఎదురుగా ఒక ఖాళీస్థలంలో ముగ్గురు కుర్రాళ్లు వెండిరంగు కారు ఒకదాన్ని విప్పుతున్నారు. అచ్చంగా మా బండే! తలుపులు అప్పటికే లేవు. వెనకసీటు బయట ఎండలో పడివుంది. అక్కయ్య కూర్చునే వైపు చేతిదిండు మీద ఎవరో టీగ్లాసు పెట్టారు.

వాడు కాసేపు అటే చూసి, "మామా, నీకొక మాట చెప్పలేదు" అన్నాడు. బండిని మొత్తంగా అమ్మేస్తే ఎంత ఇస్తారో కనుక్కుందామని ఫొటోలన్నీ తీసుకొచ్చాడట. దళారి ఒకడు అరవైవేలన్నాడట కూడా. "ఏటా ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని అమ్మను కూర్చోబెట్టి తోలేకంటె ఇది నయం కాదా?"

నేనేం చెప్పను? వాడన్నదీ అబద్ధం కాదు. చట్టంమాట మాత్రం చెప్పాను. 2021నాటి నిబంధనల ప్రకారం పాతబండిని తుక్కు చేయించాలంటే నమోదయిన కేంద్రానికే ఇచ్చి, ఆ మేరకు సర్టిఫికెట్టు పుచ్చుకొని, రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి. వీధిలో అమ్మేస్తే బండి ముక్కలైనా కాగితాల మీద మీ పేరుతోనే బతికివుంటుంది. రేపు ఆ నంబరు ఏ దొంగబండి మీదో కనిపిస్తే పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

ఈ మాటలన్నీ పక్క దుకాణం పెద్దాయన వింటూనే వున్నాడు. డెబ్బయి ఏళ్లుంటాయి. నుదుట నామం, చేతికి గ్రీజు. "నెల్లూరా సార్? లోపలికి రండి. మా తాతలది చింతాద్రిపేట, ఇంట్లో తెలుగే" అన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించి, "బాక్సు పోయిందని ఎవరు చెప్పినారు?" అని అడిగాడు.

ఎవరు చెప్పారు? షోరూమువారి కాగితం చెప్పింది. కిందపడుకొని చూసినవాళ్లెవరో మాకు తెలియదు.

"ఫోను పెట్టండి మేస్త్రీకి" అన్నాడు.

ఆ తరవాత పుదుపేటలో కూర్చున్న మనిషి నెల్లూరులో వున్న కారుకు వైద్యం చేశాడు. ఫోనులో బొమ్మ కనిపిస్తోంది. నాలుగు చక్రాలూ నేలమీదే వుండాలన్నాడు, జాకీ ఎత్తితే రోగం దాక్కుంటుందట. మేస్త్రీగారి కుర్రాడు సీట్లో కూర్చుని చక్రాన్ని కొంచెం కుడికి, కొంచెం ఎడమకు ఊపుతూ వుండాలి. మేస్త్రీ కింద పడుకొని ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడాలి. ఈ బండిలో చక్రం తిప్పితే బాక్సులోని ఇనపగుండ్ల మీదుగా ఆ తిప్పుడు కిందికి పోయి, ఒక చెయ్యి అడ్డకడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ అవతలి కొసను చట్రానికి తగిలించిన ఇంకొక చెయ్యి పట్టుకుంటుంది. దాన్ని ఐడ్లర్ ఆర్మ్ అంటారు. అది దేన్నీ తిప్పదు, పల్లకీ వెనకబోయీ లాగా పట్టుకొని నడుస్తుంది, అంతే. అది తిరిగేచోట రబ్బరు బుష్షులుంటాయి.

"అక్కడ వేలు పెట్టు సాయిబూ" అన్నాడు పెద్దాయన.

మేస్త్రీ వేలు పెట్టాడు. చెయ్యి మొత్తం పైకీ కిందికీ దూకుతోంది. బుష్షు అనేది పేరుకే వుంది. చక్రాలకు పోయే టై రాడ్ల కీళ్లు రెండూ వదులే. అడ్డకడ్డీ కీలు కూడా అంతే. బాక్సు? ఇటునుంచి కదిపితే అటునుంచి వెంటనే జవాబిస్తోంది. దానికి ఏ జబ్బూ లేదు.

ఇరవై రెండువేల ఇనపముద్దను దళారి గొణుక్కుంటూ మోసుకుపోయాడు. పోతూంటే పెద్దాయన ఇంకొక సంగతి చెప్పాడు. అది ఎడమచేతి బండి బాక్సట, ఏ దేశంనుంచి వచ్చిందో. మనది కుడిచేతి బండి. బిగించబోయిన రోజున గాని తెలిసేది కాదు.

మా వాడికి ఆశ పుట్టింది. "ఆ విప్పుతున్న బండివే టై రాడ్లు తీసి ఇప్పించండి, చవకగా వస్తాయిగా" అన్నాడు.

పెద్దాయన ముఖం మారింది. "తలుపు అడుగు ఇస్తాను, గాజు అడుగు ఇస్తాను, మంచిదని తేలితే బాక్సు కూడా ఇస్తాను. కీలు మాత్రం పాతది ఇవ్వను నాయనా. అది లోపల ఎంత అరిగిందో నాకూ తెలియదు, నీకూ తెలియదు. ఊడిన రోజున బ్రేకు వేసే టైము కూడా వుండదు." ఆ దుకాణంనిండా పాతసామానే, అయినా ఆ బేరం ఒక్కటీ ఆయన చెయ్యనన్నాడు.

కొత్తవి అమ్మే దుకాణానికి మనిషినిచ్చి పంపాడు. అక్కడ నేర్చుకున్న విద్య మీకూ చెబుతాను, డబ్బు మిగులుతుంది. బెంజివారు తమ కారులో ప్రతి భాగాన్నీ తామే చెయ్యరు. ఈ కడ్డీలు, కీళ్లు చేసే కంపెనీలు వేరే వున్నాయి, జర్మనీలోని లెమ్‌ఫోర్డర్ వంటివి. అదే సరుకు చుక్క అట్టపెట్టెలో ఒక ధర, చేసినవాడి సొంత అట్టపెట్టెలో అంతకు బాగా తక్కువ ధర. కొన్నిటి ఇనుము మీద చుక్కగుర్తును గీకేసిన మచ్చ కూడా వుంటుంది. నకిలీ అని కంగారుపడనక్కరలేదు. నకిలీలు లేవని కాదు, చాలా వున్నాయి. అంచేత అట్టపెట్టె నంబరూ ఇనుము మీది నంబరూ సరిచూసుకొని, బిల్లు ఇచ్చేవాడి దగ్గరే కొనాలి. ఆ నంబరులోనూ అర్థముంది. మొదటి మూడంకెలు ఆ భాగం ఏ రకం బండికోసం పుట్టిందో చెబుతాయి; ఆ వెనక 46తో మొదలైతే స్టీరింగు తాలూకు. ఒక బండికోసం పుట్టిన భాగం తోడబుట్టిన బండికీ పనికివస్తుంది కాబట్టి, పేరుతో కాక నంబరుతో అడిగితే దొరకనిదీ దొరుకుతుంది.

బుష్షుల సెట్టు 1,800 రూపాయలు. టై రాడ్లు జత 9,000. అడ్డకడ్డీ 7,500. కుదుపును ఆపే డాంపరు 3,500. పేపరులో చుట్టి తెచ్చిన గొట్టాన్ని వేరొక దుకాణంవాడు చూసి, రెండు కొసల ఇనపమూతులూ వుంచి, మధ్య రబ్బరును కోసిపారేసి, ఆ ఒత్తిడికి తట్టుకునే కొత్తగొట్టం వేసి, యంత్రంలో నొక్కి ఇచ్చాడు: 2,200. మొత్తం ఇరవై నాలుగువేలు. పెద్దాయన తనకంటూ ఏమీ పుచ్చుకోలేదు. టీ డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డాడు.

సాయిబు మేస్త్రీ రెండు రోజులు పనిచేశాడు. పాత నట్లు మళ్లీ వాడనని కొత్తవి తెప్పించాడు. చక్రాల అలైన్‌మెంటు చేయించేదాకా వూరు దాటొద్దని హెచ్చరించాడు. అది కూడా అయిన తరవాత మేనల్లుడు ఒక్కడే బండి తీసుకొని రహదారిమీదికి పోయి, గంట తరవాత తిరిగివచ్చాడు. "ఒక చేత్తో తోలొచ్చు మామా" అన్నాడు. ఫోనులో ఆ ఫొటోలు వున్నాయో తీసేశాడో నేను అడగలేదు.

అక్కయ్య అరుగుమీద పరచివున్న పాతసామానులోంచి బుష్షును ఏరి తీసింది. చిటికెనవేలంత రబ్బరు, ఒక పక్క తెగి, పిండిలా రాలుతోంది.

"దీనికేనంట్రా రెండు లక్షల నలభైవేలు అడిగింది?" అంది.

ఆ ఆదివారమే పెంచలకోన వెళ్లాం. దారిలో ఆమె అడిగిందల్లా, ఆ పట్నం పెద్దాయనకు తీపి తినే అలవాటు వుందా అని. వచ్చే నెల అద్దాల రబ్బర్లకోసం వాడు మళ్లీ పుదుపేట పోతాడట. మలైకాజాలు రెండు కిలోలు కట్టించమని అంగడివాడికి ఇప్పుడే చెప్పివుంచింది.