లోయర్ పరేల్‌ల ముడత పడని అంగీ

లోయర్ పరేల్ స్టేషన్‌ల దిగి సేనాపతి బాపట్ రోడ్డు పట్టుకొని పోతే ఫీనిక్స్ మిల్లు వచ్చేది. ఇప్పుడు అక్కడ మాల్. పాత చిమ్నీ మాత్రం ఉంచిన్రు. 1982 సమ్మె తర్వాత ఈ మిల్లులన్నీ ఏమైనయో మన ఇండ్లల్ల చెప్పే పని లేదు. నేను చేసింది దగ్గర్లనే ఇంకో మిల్లు, ప్రాసెసింగ్ ఖాతా. ఆ జాగల అద్దాల బిల్డింగు లేచింది.

కోడలు, మనవడితోని మాల్‌లకు పోయిన. ఒక దుకాణంల కాటన్ అంగీకి "ఇస్త్రీ అక్కర్లేదు" అని చీటీ ఉంది. పిడికిట్ల పట్టి నలిపి విడిచిన. దానంతటదే సాఫైంది. మంచి పనే, చేసినోని చెయ్యి తెలుస్తుంది.

నూలు పోగులో కంటికి కానరాని గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయ్. తడిసి నలిగితే పట్టు విడిచి జరుగుతయ్, జరిగిన కాడనే మళ్ళీ పట్టుకుంటయ్. అదే ముడత. రెజిన్ వాటి నడుమ అడ్డంగా కుట్లు వేసినట్టు పట్టి జరగనియ్యదు. బ్లీచైన బట్టను రెజిన్, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన తొట్టిలో ముంచి, రోలర్ల నడుమ పిండి, స్టెంటర్ మీద ఆరబెట్టేటోళ్ళం. తర్వాత 150 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు క్యూరింగ్. వేడి తగ్గితే ముడత పోదు, ఎక్కువైతే బట్ట పసుపెక్కుతుంది. ఎంత బాగా చేసినా బట్ట బలం మూడో వంతు దాకా పోతుంది. అందుకే ఈ అంగీల కాలర్లు ముందు చిరుగుతయ్.

ఆ రెజిన్‌ల ఫార్మాల్డిహైడ్ ఉంటది. మిషన్ తలుపు తీస్తే కండ్లు మండేవి, గొంతు పట్టేది. తడి దస్తీ ముక్కుకు కట్టుకునేటోళ్ళం. గాలి లాగే ఫ్యాన్ నెలలకొద్దీ చెడిపోయే ఉండేది. బెల్లం తినమనేటోళ్ళు, బెల్లంతోని ఏం పోతది? ఇంటికొస్తే చేపల వాసన అని మా ఆమె దూరం జరిగేది. 2004ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని తేల్చింది. అప్పటికి మా మిల్లు మూతపడ్డది. నాతోని స్టెంటర్ మీద ఉన్న ముగ్గుర్ల ఇప్పుడు ఒక్కడే మిగిలిండు, ఆయనకూ దగ్గు. దేనివల్లనో చెప్పెతందుకు నేను డాక్టర్‌ను కాదు.

ఇప్పుడు ఫార్మాల్డిహైడ్ తక్కువ ఉండే రెజిన్లు, అసలే లేని మందులు వచ్చినయ్, ఖర్చు ఎక్కువ. చీటీ మీద మాత్రం ఏది వాడిన్రో రాయరు.

కోడలు అంగీని ఆడనే పిల్లగానికి తొడగబోతే ఆపిన. ఇంట్ల సబ్బునీళ్ళతోని రెండుసార్లు ఉతికి, ఆరేసినంకనే వేసిన్రు. మీరూ కొత్త బట్టను ఉతికినంకనే వేయండి. మీ పిల్లలెవరన్నా ప్రాసెస్ హౌసుల చేరుతుంటే, జీతం కంటే ముందు ఫ్యాన్ తిరుగుతుందా అని చూసి రమ్మనండి.