సగం వాక్యం

నాకు వాదమంటే మహా ఇష్టం. క్రీస్తు గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే చాలు, జేబులో చిల్లరలాగా జవాబులు గలగలలాడించేవాణ్ణి. దాన్నే విశ్వాసమనుకున్నాను సుమండీ!

పాతబస్తీలో, పత్థర్‌గట్టీ దగ్గర గడియారాలు బాగుచేసే బడేమియాతో నాకు స్నేహం. నా గడియారం తరచు ఆగిపోయేది. మా వాదం మాత్రం ఆగేది కాదు. ఓనాడు నేను, "మా యేసు కన్యకు పుట్టాడు. ఈ సంగతి మీ గ్రంథంలో వుందా?" అని గద్దించాను.

బడేమియా కంటికి పెట్టుకున్న అద్దం తీశాడు. "పంతొమ్మిదో సూరా పేరే మర్యమ్, మాస్టర్‌సాబ్. ఖురాన్‌లో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఆమె ఒక్కతే. ఆమె కన్య అనే మేమూ నమ్ముతాం. శిలువ మీద మరణించాడంటేనే ఒప్పుకోం."

పక్క కొట్టు కుర్రాడు కిసుక్కున నవ్వాడు. నేను తప్పు ఒప్పుకున్నానా? లేదు. "శిలువ సంగతే తేల్చండి మరి!" అని మాట మార్చి, గడియారం కూడా తీసుకోకుండా వచ్చేశాను.

ఆ రాత్రి పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం తీశాను. అడిగినవాడికి జవాబివ్వడానికి సిద్ధంగా వుండాలన్న మాట నాకు కంఠస్థమే. ఆ వెంటనే, సాత్వికంతో చెప్పాలని కూడా వుంది. ఇన్నేళ్లూ వాక్యాన్ని సగంలో తుంచి వాడుకున్నాను!

మన నగరంలోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ జ్ఞాపకం వచ్చింది. ముస్లిముల మధ్య సువార్త పనికి మనుషులను తయారుచేయడానికి 1930లో లాహోరులో పుట్టిన సంస్థ అది. 1971లో హైదరాబాదు చేరింది. 1990 అల్లర్ల తర్వాత సుల్తాన్‌షాహీలో హిందూ, ముస్లిం కుటుంబాల మధ్య పనికి దిగింది. వాళ్ల విశ్వాసం చల్లారిందని సణిగినవాళ్లలో నేనూ వున్నాను.

నాలుగో రోజు వెళ్లి, "తెలియక మాట్లాడాను మియాసాబ్, మన్నించండి" అన్నాను. అంతమాట అనడానికి గొంతు పెగలలేదంటే నమ్మండి. ఆయన స్టూలు జరిపాడు. మర్యమ్ సూరా చదివి అర్థం చెప్పమన్నాను, చెప్పాడు. శిలువ దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఆ మాట నేను వదులుకోలేను, ఆయన ఒప్పుకోలేడు. ఇద్దరం కాసేపు వూరుకున్నాం.

చాయ్ వచ్చింది. రేపు లూకా సువార్త తెస్తానన్నాను.

"ఉర్దూది తెండి" అన్నాడు బడేమియా, అద్దం మళ్లీ కంటికి పెట్టుకుంటూ.